టీకా తర్వాత సమస్యలు: నిల్

జూన్ నెల చివరి బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఏఎన్ఎం గంగాదేవి ఒకే పాపకు ఒకే టీకా రెండోసారి వేసింది. మొదటిసారి వేసి అప్పటికి పావుగంట.

పాప పేరు తన్విత. వయసు తొమ్మిది నెలల నాలుగు రోజులు. ఊరు ఎర్రబండపల్లి. గుమ్మఘట్ట దాటి కర్ణాటక వైపు పోతే వస్తుంది. జరిగిన సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియలేదు. గంగాదేవికి కూడా పన్నెండుంబావు దాకా తెలియలేదు.

టీకాలు వేసే చోటు అంగన్‌వాడీ గది, బుధవారం, శనివారం వేస్తారు. ఆ రోజు లిస్టులో పిల్లలు పదకొండు మంది. ఆశా కార్యకర్త బయమ్మ వరండాలో నిలబడి పేర్లు పిలిచి ఒక్కొక్కరిని లోపలికి పంపుతోంది. తన్వితను మొదట తల్లి ఉమాదేవి ఎత్తుకొచ్చింది. కుడి జబ్బకు తట్టు టీకా పడింది. పాప ఏడ్చింది. ఉమాదేవి పాపను బయటికి తీసుకుపోయి అత్త ఆంజినమ్మ చేతికిచ్చి ఇంటికి పోయింది. ఇంట్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పని ఉంది. టీకా వేసుకున్న పిల్లలు అరగంట అక్కడే ఉండాలి కాబట్టి ఆంజినమ్మ మనవరాలితో వరండాలో కూర్చుంది.

పావుగంటకు బయమ్మకు గుర్తొచ్చింది, పాపకు నోట్లో పోసే విటమిన్ మందు పోయలేదని.

"అత్తా, మళ్ల లోపలికి పో. మందు పోస్తారు" అని పంపింది.

ఆంజినమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుంది. గంగాదేవి రిజిస్టర్ రాస్తోంది. కుర్చీ జరిగిన చప్పుడు విని, తలెత్తకుండానే తరువాతి పాప అనుకొని సిరంజి నింపింది. పాప చెయ్యి పట్టుకుంది. జబ్బ మీద రక్తం చుక్క ఉంటే దూదితో తుడిచింది. సూది వేసింది. సర్కారు సూదులు ఒక్కోసారి రెండు, ఒక్కోసారి మూడు ఉంటాయని ఆంజినమ్మకు తెలుసు. అడ్డం చెప్పలేదు. విటమిన్ మందు సంగతి మాత్రం మళ్ళీ అందరూ మరిచిపోయారు.

పన్నెండుంబావుకు గంగాదేవి సామాను సర్దుతూ తట్టు టీకా సీసా ఎత్తి చూసింది. అది ఐదు డోసుల సీసా. ఆ టీకా వేయాల్సిన పిల్లలు నలుగురు, నలుగురూ వచ్చారు. సీసాలో ఒక డోసు మిగలాలి. సీసా ఖాళీగా ఉంది.

బల్ల కింద చూసింది. మందు ఎక్కడా ఒలకలేదు. రిజిస్టర్ తీసి నాలుగు పేర్లూ మళ్ళీ చదివింది. నాలుగు పేర్లలో ఒక్క పేరుకూ ముఖం గుర్తు రాలేదు. గుర్తొచ్చింది దూది. సూది వేయకముందే ఒక జబ్బ మీద రక్తం తుడిచింది. వేయకముందు రక్తం ఎందుకుంటుంది?

"బయమ్మా, మందు పోయించుకునేదానికి లోపలికొచ్చింది ఎవరు?"

"ఆంజినమ్మ. ఉమాదేవి పాపనెత్తుకోని. పోసినావు కదా మేడమ్?"

గంగాదేవి విటమిన్ మందు సీసా చూసింది. మూత తీసిన గుర్తు లేదు. జరిగింది చెప్పింది. బయమ్మ వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఒగటెక్కువ పడితే ఏమైతాది మేడమ్? తట్టు ఇంగ ఆ ఇంటి పక్కకే రాదు."

"నవ్వులాట కాదు బయమ్మా."

"నేనేడ నవ్వినా? ఈ ఊర్లో సూదంటే వాకిలి మూసుకుంటాండ్రి. ఇంటింటికీ తిరిగి తిరిగి ఈపొద్దుకు పదకొండుమందిని తెచ్చినా. ఇది బయటపడితే వచ్చే శనివారం నువ్వూ నేనూ ఈడ ఈగలు తోలుకుంటా కూసోవల్ల."

గంగాదేవి వయసు నలభై రెండు. ఉద్యోగంలో చేరి పదిహేడేళ్లు. ఎర్రబండపల్లి ఉపకేంద్రం ఆమెది. పక్క ఉపకేంద్రం ఏఎన్ఎం బదిలీ మీద పోతే ఆ చోటు కూడా ఆమెకే అప్పగించారు. మూడు నెలలకని చెప్పారు, పద్నాలుగు నెలలైంది. రెండూ కలిపి ఆరు ఊళ్లు. ఉదయం తొమ్మిదికి హాజరు యాప్‌లో ముఖం చూపించాలి. ఆ బుధవారం యాప్ మూడుసార్లు "ముఖం సరిపోలలేదు" అంది, నాలుగోసారి ఒప్పుకుంది. గర్భిణులకు ఒక యాప్, పిల్లలకు ఒకటి, షుగరు, బీపీ సర్వేకు ఒకటి, జ్వరాలకు ఒకటి. రాయదుర్గంలో ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. వంట చేసి, అందరూ తిన్నాక, పగలు సిగ్నల్ లేక ఎక్కని వివరాలు ఎక్కిస్తుంది.

మే నెలలో పక్క ఉపకేంద్రం ఊరిలో పన్నెండు రోజుల పసికందు చనిపోయింది. గంగాదేవి ఆ ఇంటికి పోయి తల్లి పక్కన కూర్చొని ఫారం నింపింది. ఇరవై రెండు ప్రశ్నలు. తల్లి ఏడుస్తుంటే, తొమ్మిదో ప్రశ్నకు జవాబు రాలేదని గంగాదేవి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. బయటికొచ్చి బండి ఎక్కాక తనకు ఏమీ అనిపించలేదని గమనించింది. అంతకుముందు ఇలాంటి ఇంటి నుంచి వస్తే రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలో తెలియలేదు.

టీకాల రోజు సాయంత్రం నాలుగు లోపల పీహెచ్‌సీ వాట్సాప్ గ్రూపులో రిపోర్టు పెట్టాలి. గ్రూపులో పంతొమ్మిది మంది. రిపోర్టును ఎవరూ కొత్తగా రాయరు. పోయిన వారం మెసేజ్ కాపీ చేసి, తేదీ మార్చి, పిల్లల సంఖ్య మార్చి పంపుతారు. చివరి రెండు వరుసలు ఎవరూ ముట్టుకోరు. "టీకా తర్వాత సమస్యలు: నిల్. పొరపాట్లు: నిల్." ఆ నిల్ నాలుగేళ్ల కిందట ఎవరో ఒకసారి కొట్టింది. అప్పటి నుంచి అదే పోతోంది.

గంగాదేవి పక్క మండలం ఏఎన్ఎం భారతికి ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకే బ్యాచ్, ఒకే హాస్టల్ గది.

"ఎవురికి చెప్పినావే?" అంది భారతి.

"బయమ్మకు."

"ఆయమ్మ చెప్పదు. గమ్మున నిల్ కొట్టు."

"భారతీ, ఆ పాప..."

"ఆ పాపకేం కాదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయినేడు నేను పోలియో చుక్కలు ఒగే ఇంట్లో రెండు మాట్లు పోసినా. వాళ్లు కాఫీ గూడా రెండు మాట్లిచ్చిరి. తాగొచ్చినా."

గంగాదేవి నవ్వలేదు.

"ఏమే, ఉన్నావా? చూడు, నువ్వు రాస్తే మెమో వస్తాది. మెమో వస్తే ఎంక్వైరీ. రేపట్నుంచి మా అందరి సీసాలూ లెక్క పెడతారు. ఎవురి కోసరం ఇదంతా?"

"ఈసారి ఏం కాదు. మళ్లసారి ఏం చేస్తానో నాకే తెల్దు భారతీ. ఆ పాప నా ముందర రెండు మాట్లు కూసున్నాది. నాకు తెలీలేదు."

భారతి "నాకిద్దరు గర్భిణులు కూసోనుండారు. మళ్ల చేస్తా" అని పెట్టేసింది.

ఒంటిగంటన్నరకు గంగాదేవి, బయమ్మ ఆంజినమ్మ ఇంటికి పోయారు. అత్తాకోడళ్లు గోనెపట్టా మీద కూర్చొని విత్తనం కాయలు ఒలుస్తున్నారు. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది.

"రా నర్సమ్మా, చెప్పులిడ్సి నీడకు రా" అంది ఆంజినమ్మ. "బయమ్మా, నువ్వేం దొంగ మాదిరి ఆడ నిలబడుకున్నావు?"

గంగాదేవి పాప చంకలో థర్మామీటర్ పెట్టింది. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. కుడి జబ్బ చూసింది. సూది గుర్తులు రెండు, వేలెడు దూరంలో. విటమిన్ మందు తీసి పాపను లేపి చెంచాతో పోసింది.

"దీనికోసరమా ఈ ఎండలో వచ్చినావు? ఎవురొస్తారప్పా ఇట్ల" అంది ఆంజినమ్మ.

బయమ్మ వాకిలి వైపు ఒక అడుగు వేసి గంగాదేవి వైపు చూసింది. ఇంతటితో పోదామని ఆ చూపు. పోవడానికి దారి దొరికింది కూడా. మందు మరిచిపోయారు, వచ్చి పోశారు. ఎవరూ ఇంకేమీ అడగరు.

గంగాదేవి చెంచా సంచిలో పెట్టి మూత బిగించింది.

"ఆంజినమ్మా, పొద్దున పాపకు ఒగే మందు రెండు మాట్లు ఏసినాను. మొదట ఉమాదేవి తెచ్చినప్పుడు, మళ్ల నువ్వు తెచ్చినప్పుడు. నువ్వు ఈ నోట్లో పోసే మందుకు వచ్చినావు. నేను చూసుకోలేదు. తప్పు నాది."

ఉమాదేవి చేతిలో కాయ అలాగే ఉంది.

"ఒగే సూదితోనా?"

"కాదు. సూదులు వేరే వేరే, కొత్తవి. మందు ఒగటే."

"ఏమైతాది దానికి?"

"మామూలుగా ఏం కాదు. జ్వరం రావచ్చు. వారం, పది దినాలప్పుడు గూడా ఒళ్లు కాగొచ్చు, అది ఒగ మాటు ఏసినా వస్తాది. ఏమున్నా నాకు ఫోన్ చెయ్. డాక్టరుకు నేనే చూపిస్తా."

ఉమాదేవి లేచి పాపను ఎత్తుకుంది. రెండో చేత్తో ఫోన్ తీసి మొగుడికి చేసి స్పీకర్ పెట్టింది. తిప్పేష్ బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. వెనక కట్టడం చప్పుడు వినిపిస్తోంది. విషయం విన్నాడు.

"ఏమమ్మా, కండ్లు కనపడవా నీకు? మా పాపేమన్నా కుక్కనుకున్నావా, వచ్చినప్పుడల్లా పొడిచేకి?"

"తప్పే అన్నా."

"తప్పంటే అయిపోతాదా? యూట్యూబ్‌లో పెడతా నీ పేరు. ఊరు పేరు, ఆస్పత్రి పేరు అన్నీ పెడతా."

ఆంజినమ్మ కోడలి చేతిలోని ఫోన్ దగ్గరికి వంగింది.

"ఒరే తిప్పేషా, రొంత గమ్మునుండు. ఆయమ్మ చెప్పకుంటే నీకు తెలిసేదా? నాకు తెలిసేదా?"

"అట్లని ఇడ్సిపెట్టల్లా?"

"ఇడ్సమని ఎవురు చెప్పిరి? నేను అడుగుతా. నువ్వు పని చూసుకో, మీదనుంచి పడేవు."

ఫోన్ పెట్టించి గంగాదేవి వైపు తిరిగింది.

"నేను మళ్ల వచ్చి కూసుంటే నువ్వు నా మొకం సూడలేదు. పాప మొకమూ సూడలేదు. ముందు ఇట్ల లేకుంటివి. పిల్లోల్లను పేరు పెట్టి పిల్సి, రొంతసేపు ఆడిచ్చి, అప్పుడేస్తాంటివి. ఇప్పుడు చెయ్యి ఒగటే సూస్తాండావు, సంతలో బెండకాయ ఇర్సి సూసినట్ల. ఏమైందప్పా నీకు?"

"ఏం లేదు" అంది గంగాదేవి.

బయమ్మ కూర్చొని పట్టా మీది పొట్టు ఒకచోటికి తోసింది.

"తెల్దు ఆంజినమ్మా" అంది గంగాదేవి మళ్ళీ. "నిద్ర పట్టదు. పట్టినా ఫోన్ మోగినట్లయి లేస్తా. చూస్తే మోగింటాదా, లేదు. ఎవురన్నా ముందర కూసోని ఏడుస్తాంటే యాడో పక్కూర్లో ఏడుస్తాన్నట్లుంటాది. ఆరేడు నెలలైంది."

"డాక్టర్ల దగ్గరుండేదానివి, చూపిచ్చుకోలేదా?"

"ఏమని చూపిచ్చుకునేది? జరముందా, దెబ్బ తగిలిందా?"

ఉమాదేవి పాప జబ్బ మీది గుర్తులు వేలితో తడిమి చూసింది. తల ఎత్తకుండా అడిగింది.

"అట్లయితే నువ్వు శనివారం మళ్ల పిల్లోల్లకు సూదులెట్ల ఏస్తావు?"

అందులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది. గంగాదేవి సంచి భుజానికి తగిలించుకుంది. శనివారం లిస్టులో ఐదుగురున్నారని ఆమెకు తెలుసు.

మూడున్నరకు అంగన్‌వాడీకి తిరిగొచ్చి వరండాలో కూర్చొని ఫోన్ తీసింది. పోయిన వారం మెసేజ్ కాపీ చేసింది. తేదీ మార్చింది. లిస్టులో ఉన్నవారు పదకొండు, వచ్చినవారు పదకొండు. చివరి వరుసకు వచ్చి "నిల్" చెరిపేసింది. చెరిపాక ఆ చోట ఏం రాయాలో ఆమెకు నమూనా లేదు. ఆ గ్రూపులో ఎప్పుడూ ఎవరూ ఆ వరుస నింపలేదు. రెండుసార్లు రాసి కొట్టేసింది. మూడోసారి ఇలా రాసింది:

"పొరపాట్లు: ఒకటి. తొమ్మిది నెలల పాపకు తట్టు టీకా రెండుసార్లు వేసినాను. 10.55, 11.10. ఇంట్లో చెప్పినాను. 1.40కి జ్వరం లేదు. గంగాదేవి, ఏఎన్ఎం."

మూడు గంటల యాభై రెండు నిమిషాలకు పంపింది.

ఎవరు రిపోర్టు పెట్టినా గ్రూపులో బొటనవేలి గుర్తులు పడతాయి. ఈసారి పడలేదు. తొమ్మిది నిమిషాల తరువాత మెడికల్ ఆఫీసర్ డాక్టర్ సురేంద్ర ఫోన్ చేశాడు. ఆయన వయసు ముప్పై ఒకటి. ఆయనకూ రెండు పీహెచ్‌సీలు.

"పాపెట్లుంది?"

"బాగుంది సార్. పాలు తాగింది."

"మెసేజ్ అందరికీ పోయింది కదమ్మా. నాకు ముందు ఒక ఫోన్ చేసింటే..."

"మీకు చేసింటే నిల్ పెట్టమనేవాళ్లు సార్."

డాక్టరు వైపు నుంచి ఫ్యాను చప్పుడు వినిపించింది.

"అనేవాణ్ణే" అన్నాడు. "సరే. ఇప్పుడు ఇది జిల్లాకు పంపల్ల. ఫారంలో కారణమని ఒక గడి ఉంది. ట్రైనింగ్ లేకపోవడం, సామాను లేకపోవడం, రద్దీ. ఏది టిక్ కొట్టమంటావు?"

"నేను పాప మొకం చూడలేదు సార్. చాన్నాళ్ల నుంచి ఎవురి మొకమూ చూడ్డం లేదు."

"దానికి గడి లేదమ్మా."

"తెలుసు సార్. అందుకే లీవు కావల్ల. పదిహేను దినాలు."

"కారణం?"

"అదే."

"జ్వరం అని రాయి. తొందరగా పని జరుగుతాది."

"జ్వరం లేదు సార్."

"లేదని నాకు తెలుసమ్మా." ఆయన గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గింది. "మానసికం అని రాస్తే సర్వీసు రిజిస్టర్‌లో పడతాది. రేపు ఎవురన్నా పిచ్చని అంటే నువ్వు పడగలవా?"

"ఆరు ఊర్లలో నేనే చెప్తాండా సార్, అది పిచ్చి కాదు, ఆస్పత్రికి పోండి అని. పాంప్లెట్లు గూడా పంచినా."

డాక్టరు చిన్నగా నవ్వాడు. గంగాదేవికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కన్నీళ్లు వచ్చాయి. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆయన పెట్టేయలేదు.

"అనంతపురం పెద్దాస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి రాసిస్తా" అన్నాడు కాసేపటికి. "సోమవారం పో. నేను గూడా ఎప్పుడో ఒగసారి పోవల్ల. టైం దొరకలేదు."

బయమ్మ వరండా చివరి నుంచి తువ్వాలు తడిపి తెచ్చి ఇచ్చింది. "మొకం తుడుచుకో మేడమ్. బండి మీద పోవల్ల" అంది.

సాయంత్రం ఆరుకు పాపకు జ్వరం తొంభై తొమ్మిది పాయింట్ రెండు. గురువారం ఉదయానికి తగ్గింది. గురువారం మధ్యాహ్నం గంగాదేవికి మెమో వచ్చింది, మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలని. తిప్పేష్ వీడియో పెట్టలేదు. గురువారం రెండుసార్లు గంగాదేవికి ఫోన్ చేసి పాప సంగతి అడిగాడు. తనకు తెలిసింది ఆమె చెప్పింది.

శుక్రవారం సాయంత్రం లీవు మంజూరైంది. అడిగింది పదిహేను రోజులు, ఇచ్చింది తొమ్మిది. కారణం దగ్గర ఆమె రాసిన వాక్యం అలాగే ఉంది: "నిద్ర లేదు, డ్యూటీలో మనసు నిలవడం లేదు, పొరపాటు జరిగింది." రెండు ఉపకేంద్రాల పని తొమ్మిది రోజులకు అదే పీహెచ్‌సీలోని మరో ఇద్దరు ఏఎన్ఎంలకు పంచారు. ఇద్దరిలో ఒకరు గ్రూపులోంచి బయటికి పోయి, పది నిమిషాలకు మళ్ళీ చేరారు. రాత్రి భారతి ఒక మెసేజ్ పెట్టింది. "ఆ లీవు లెటర్ ఫోటో పంపు. ఎట్ల రాసినావో చూడల్ల."

శనివారం ఎర్రబండపల్లిలో టీకాలు పదకొండు గంటలకు మొదలయ్యాయి. లిస్టులో ఐదుగురు, వచ్చింది ముగ్గురు. రాని ఇద్దరి ఇళ్లకు బయమ్మ పోయింది. ఒకరు బుధవారం తెస్తామన్నారు. ఒకరు ఆలోచించుకొని చెప్తామన్నారు. ఈ సంగతి చెప్పడానికి బయమ్మ పన్నెండు నుంచి గంగాదేవికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగోసారి గంగాదేవి కూతురు ఎత్తింది.

"అమ్మ పడుకోనుంది" అంది.

"ఎప్పుడు పడుకున్యాది?"

"రాత్రి తొమ్మిదికి."

అప్పటికి టైము ఒంటిగంట ఇరవై నిమిషాలు.